పడవ కిటికీకి ప్లాస్టిక్ పలక: కొలత తీయడం నుంచి సీలెంటు ఆరేదాకా (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. బోటు యజమానులు, బోటు నడిపే సరంగులు, వడ్రంగి మేస్త్రీలు, ఫైబర్ పనివాళ్లు, గోదావరి లాంచీల వాళ్లు కూడా వచ్చారు. సంతోషం. నేరుగా పనిలోకి వెళ్దాం.

మన తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. సోనా బోట్ల, అంటే వేట మరపడవల, రిపేర్లన్నీ అప్పుడే. ఇంజను విప్పడం, అడుగు గీకడం, రంగులు వేయడం అన్నీ అయ్యాక, ఆఖరి వారంలో వీల్‌హౌస్, అంటే సరంగు గది, కిటికీల సంగతి గుర్తొస్తుంది. పగిలిన అద్దం కొలతలు కాగితమ్మీద రాసుకుని బోర్డులు చేసే షాపుకెళ్తారు. అదే మందంలో అక్రిలిక్ ముక్క కోయించుకొస్తారు. పాత బొక్కల్లోనే స్క్రూలు గట్టిగా బిగించి, చుట్టూ దొరికిన సిలికాన్ పూసేస్తారు. చూడ్డానికి శుభ్రంగానే ఉంటుంది. సంక్రాంతి నాటికి స్క్రూల చుట్టూ వెంట్రుక పగుళ్లు, మూలల్లో నీటి చారలు. అప్పుడు ప్లాస్టిక్ పనికిరాదంటారు. ప్లాస్టిక్ చక్కగా పనికొస్తుంది. దాన్ని అద్దాన్ని బిగించినట్టు బిగిస్తున్నాం, చిక్కంతా అక్కడుంది.

ముందు వేడి సంగతి చూద్దాం. మీటరు పొడవున్న అక్రిలిక్ పలక ఒక్కో డిగ్రీకి సుమారు 0.07 మి.మీ. సాగుతుంది. కిటికీలకు వాడే రెండో ప్లాస్టిక్ పాలీకార్బొనేట్, అది కూడా ఇంచుమించు అంతే. అల్యూమినియం 0.023, అద్దం 0.009. అంటే అద్దం కన్నా ప్లాస్టిక్ ఏడెనిమిది రెట్లు ఎక్కువ కదులుతుంది. 1200 మి.మీ. పొడవున్న పక్క కిటికీ ఉందనుకోండి. డిసెంబరు తెల్లవారుజామున అది 20 డిగ్రీల దగ్గర ఉంటుంది. మే నెల మధ్యాహ్నం, టింట్ ఉన్న షీటయితే, 70 డిగ్రీల దాకా కాగొచ్చు. తేడా 50 డిగ్రీలు. 1.2 ని 50తో, 0.07తో గుణిస్తే 4.2 మి.మీ. పలక మధ్యలో నిలిచి ఉంటే ఒక్కో చివర 2.1 మి.మీ. జరగాలి. దాన్ని పట్టుకున్న టేకు చట్రం గానీ ఫైబర్ గోడ గానీ అంత జరగదు. ఆ 2 మి.మీ.కి చోటివ్వకపోతే పలక స్క్రూను నెడుతుంది. స్క్రూ కదలదు కాబట్టి పలకే చీలుతుంది.

మనం బిగించేది నిషేధ కాలంలో, అంటే మండుటెండల్లో. బిగించే రోజున పలక అప్పటికే సాగి ఉంటుంది. అయినా ఎండలో ఇంకా సాగడానికీ చోటు కావాలి, చలికాలంలో ముడుచుకోవడానికీ చోటు కావాలి. నీడలో 38 డిగ్రీల దగ్గర బిగించారనుకోండి. అక్కణ్నుంచి 70కి వెళ్తే మీటరుకు 2.2 మి.మీ. సాగుతుంది, 18కి దిగితే 1.4 మి.మీ. తగ్గుతుంది. ఎండలో కాగిన పలకను అలాగే బిగిస్తే ఈ లెక్క తలకిందులవుతుంది. అందుకే పలకను బిగించే ముందు కనీసం రెండు మూడు గంటలు నీడలో ఉంచండి. బిగింపు పొద్దున్నే పెట్టుకోండి.

రెండో సంగతి, వంగడం. అక్రిలిక్ కన్నా అద్దం 20 రెట్లకు పైగా బిర్రుగా ఉంటుంది. పలక మందం రెట్టింపయితే వంపు ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. ఈ రెండూ కలిపి చూస్తే, 4 మి.మీ. అద్దం ఎంత వంగుతుందో అంతే వంగాలంటే అక్రిలిక్ 11 మి.మీ. ఉండాలి. పగలకుండా ఉండడానికి అంత మందం అక్కర్లేదు, నిజమే. అయితే అల కొట్టినప్పుడు పలక పగలకపోయినా విల్లులా వంగి, అంచు చట్రంలోంచి ఊడొచ్చిందంటే ఫలితం ఒకటే, నీళ్లు లోపలికొస్తాయి. పాలీకార్బొనేట్ ఇంకా ఎక్కువ వంగుతుంది. సుత్తితో కొట్టినా పగలదని దాన్ని తెచ్చి 4 మి.మీ. అద్దం ఉన్న చోట 4 మి.మీ. షీటు పెడితే, పలక ముక్క కాకుండానే మొత్తంగా లోపలికి వచ్చి పడుతుంది. చిన్న పక్క కిటికీకి 6 మి.మీ.కి తగ్గొద్దు. అర మీటరు దాటిన వాటికి 8, 10. సముద్రపు అల నేరుగా తగిలే చోట 10, 12. చిన్న పడవల కిటికీలకు ఐఎస్ఓ 12216 అని ప్రమాణం ఉంది. పలక వైశాల్యం, అది పడవలో ఎక్కడుంది, పడవ ఏ నీళ్లలో తిరుగుతుంది అన్నవాటిని బట్టి మందం తేలుస్తుంది. కొత్తగా కట్టే బోటయితే డిజైనరు చేత ఆ లెక్క వేయించండి.

ఇక ఏ ప్లాస్టిక్? అక్రిలిక్ 1930ల నుంచి ఉంది. జర్మనీలో ప్లెక్సిగ్లాస్, ఇంగ్లండులో పెర్‌స్పెక్స్ అన్న పేర్లతో వచ్చింది. పాలీకార్బొనేట్ 1953లో జర్మనీలోను, అమెరికాలోను విడివిడిగా కనిపెట్టారు. మాక్రోలాన్, లెక్సాన్ అన్న పేర్లు మీరు వినే ఉంటారు. అక్రిలిక్ ఎండకు తట్టుకుంటుంది, ఏళ్ల తరబడి పసుపెక్కదు, గీత పడితే పాలిష్ చేయొచ్చు, కాంతిని 92 శాతం దాకా లోపలికి వదులుతుంది. కానీ దెబ్బకు పగులుతుంది. పాలీకార్బొనేట్ దెబ్బకు దాదాపు పగలదు. కానీ మెత్తన, ఇట్టే గీతలు పడుతుంది. పైన యూవీ పూత లేకపోతే ఎండకు పసుపెక్కి మసకబారుతుంది. చాలా షీట్లకు ఆ పూత ఒక్క వైపే ఉంటుంది. ఏ వైపు బయటికి ఉండాలో షీటు మీది ఫిల్మ్ మీద అచ్చేసి ఉంటుంది. ఫిల్మ్ తీసేసి కోసి, తర్వాత వైపు మరిచిపోయి తిరగేసి బిగిస్తే ఆ డబ్బు వృథా. కోసేముందే అంచు మీద మార్కరుతో బాణం గీసుకోండి. రూఫింగుకు వాడే గదుల పాలీకార్బొనేట్ షీటు మాత్రం కిటికీకి అసలు వాడొద్దు. దానికి మధ్యలో ఖాళీ ఉంటుంది, అందులో తేమ చేరి నాచు పడుతుంది, బలం కూడా ఉండదు.

షాపులో ఏది ఏదో తెలియకపోతే అంచు చూడండి. అక్రిలిక్ అంచు తేటగా మెరుస్తుంది, పాలీకార్బొనేట్ అంచు కాస్త నల్లగా, బూడిద రంగులో ఉంటుంది. డ్రిల్లు వేస్తే అక్రిలిక్ పెళుసు రేణువులుగా రాలుతుంది, పాలీకార్బొనేట్ పొడుగాటి చుట్టలుగా వస్తుంది. చిన్న ముక్క కాలిస్తే అక్రిలిక్ పండు వాసనతో మండుతూనే ఉంటుంది. పాలీకార్బొనేట్ నల్లటి మసి విడిచి, మంట తీసేయగానే ఆరిపోతుంది.

అక్రిలిక్‌లోనూ రెండు రకాలున్నాయి, కాస్ట్ అంటే అచ్చులో పోసి చేసింది, ఎక్స్‌ట్రూడెడ్ అంటే యంత్రంలోంచి పలకగా నెట్టి తీసింది. ఎక్స్‌ట్రూడెడ్ చవక, మందం ఎక్కడ చూసినా సమానం. కానీ తయారీలోనే లోపల బిగువు మిగిలిపోతుంది, త్వరగా వెంట్రుక పగుళ్లు పడతాయి. బోటుకు కాస్టే కొనండి. బిల్లు మీద కాస్ట్ అని రాయించుకోండి. ఒక్కటి గుర్తుంచుకోవాలి, కాస్ట్ షీటు మందంలో తేడాలుంటాయి. 6 మి.మీ. అని ఇచ్చింది అర మిల్లీమీటరో అంతకన్నా ఎక్కువో అటూ ఇటూగా రావచ్చు. రబ్బర్ బీడింగులో దూర్చే పలకయితే వెర్నియర్‌తో నాలుగు మూలలూ కొలిచాకే తీసుకోండి.

సరంగు నిలబడి చూసే ముందు కిటికీ విషయంలో మాత్రం నా అభిప్రాయం వేరు. అక్కడ టఫెన్డ్ అద్దమే పెట్టండి. ఉప్పునీరు ఎండి గరుకు పలుకులుగా మారుతుంది. దాని మీద వైపర్ తిరిగితే ప్లాస్టిక్ మీద ఒక్క సీజనులో వంద గీతలు పడతాయి. రాత్రి ఎదురు బోటు దీపం ఆ గీతల మీద పడి చెదిరితే దూరం అంచనా దొరకదు. టింట్ కూడా ముందు కిటికీకి వద్దు. 55 మీటర్లు, అంతకు మించిన ఓడల బ్రిడ్జికి టింట్ అద్దాలు పెట్టకూడదని సోలాస్ అనే అంతర్జాతీయ ఓడల భద్రతా ఒప్పందంలో నిబంధనే ఉంది. మన బోట్లకు ఆ నిబంధన వర్తించకపోయినా చీకట్లో కంటికి జరిగే నష్టం అందరికీ ఒకటే. ప్లాస్టిక్ పక్కలకీ వెనక్కీ బాగుంటుంది.

లాంచీల వాళ్లకు ఇంకో మాట. పాలీకార్బొనేట్ పగలదన్న గుణమే ప్రయాణికుల క్యాబిన్‌లో ప్రమాదం. బోటు ఒరిగినప్పుడు లోపలివాళ్లు దాన్ని పగలగొట్టుకుని బయటపడలేరు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగిన ప్రమాదాన్ని గోదావరి మీద తిరిగే ఎవరూ మరిచిపోలేరు. ఆ ప్రమాదానికి కిటికీలు కారణమని నేననడం లేదు. మూసి ఉన్న క్యాబిన్‌లో మనుషుల్ని కూర్చోబెట్టేవాళ్లు ప్రతి పక్కనా లోపలి నుంచి చేత్తో తెరుచుకునే కిటికీలు ఉంచాలి, మనిషి పట్టేంత సైజులో ఉంచాలి అంటున్నాను. ఏసీ కోసం అన్నిటికీ పాలీకార్బొనేట్ బిగించి సీలు చేసే పని ఎవరడిగినా చేయకండి.

ఇప్పుడు కొలత. పాత పలకను షీటు మీద పెట్టి గీసేయడం సులువే గానీ, అది అప్పటికే వంగి, అంచులు అరిగి ఉంటుంది. పైగా చట్రం కూడా ఏళ్లు గడిచాక సాగి ఉంటుంది. అచ్చు ఎప్పుడూ బోటు మీద ఉన్న కంతకే తీయాలి. 3 మి.మీ. హార్డ్‌బోర్డు తీసుకుని కంతకు సరిపోయేలా గీకి, తిప్పి, అమర్చి చూడండి. మూలల గుండ్రం కూడా అచ్చులోనే రావాలి. చతురస్రపు మూల పెట్టకండి, పగులు అక్కడే మొదలవుతుంది. కనీసం 20 మి.మీ. వ్యాసార్ధం ఉంచండి. అచ్చు మీద నాలుగు మాటలు రాయండి: కుడా ఎడమా, అణియం (పడవ ముందు భాగం) ఎటు, పైకి ఏది, బయటి ముఖం ఏది. కుడి కిటికీ అచ్చును తిరగేస్తే ఎడమ కిటికీకి సరిపోతుందని నమ్మకండి. మన చెక్క బోట్లలో రెండు పక్కలకీ 5, 10 మి.మీ. తేడా మామూలే. ప్రతి కిటికీకీ వేరే అచ్చు తీయండి. గోడ వంపుగా ఉంటే పలకను చల్లగానే వంచి బిగించవచ్చు, కానీ దానికి హద్దుంది. అక్రిలిక్‌కు వంపు వ్యాసార్ధం మందానికి 300 రెట్లు, పాలీకార్బొనేట్‌కు 150 రెట్లు ఉంచుకుంటే భయం లేదు. 6 మి.మీ. అక్రిలిక్‌కు 1.8 మీటర్లన్న మాట. అంతకన్నా బిగుతు వంపయితే వేడిచేసి అచ్చు మీద వంచేవాళ్ల దగ్గరికి పంపాలి.

సైజు ఎంత తగ్గించాలన్నది బిగించే తీరును బట్టి ఉంటుంది. గోడ బయటి వైపు పెట్టి అతికించే పలకయితే కంత చుట్టూ 25 నుంచి 30 మి.మీ. గోడ మీదికి రావాలి. హెచ్ ఆకారపు రబ్బర్ బీడింగులో దూర్చేదయితే, కంత కొలతలోంచి బీడింగు మధ్య గోడ మందం రెండు వైపులా తీసేసి, ఆపైన మీటరుకు 3 మి.మీ. తగ్గించండి. అల్యూమినియం చానెల్లో దూర్చేదయితే చానెల్ అడుగుకూ పలక అంచుకూ మధ్య ఆ ఖాళీ ఉండాలి. ఖాళీ ఇచ్చాక కూడా పలక అంచు చానెల్లో 10, 12 మి.మీ. లోతుకు పట్టి ఉండాలి. పాలీకార్బొనేట్‌కు 15 అయినా ఉండాలి. పాత చానెల్ అద్దానికని చేసింది కాబట్టి సాధారణంగా 6, 8 మి.మీ. లోతే ఉంటుంది. అలాంటి చానెల్ మార్చకుండా ప్లాస్టిక్ పెట్టకండి.

షీట్లు మనకు 8 అడుగులకు 4 అడుగులు, అంటే 2440కి 1220 మి.మీ. దొరుకుతాయి. 900కి 450 కిటికీలు కావాలంటే పొడవు వెంబడి 900 పెట్టి కోస్తే నాలుగే వస్తాయి. అడ్డం తిప్పి 450ని పొడవు వెంబడి పెడితే ఐదు వస్తాయి. కోత మందం పోను కూడా వస్తాయి. 10 మి.మీ. షీటు మొత్తం 35 కిలోల పైన ఉంటుంది. ఇద్దరు పట్టుకోవాలి, నిలబెట్టి మోయాలి, నిలబెట్టే దాచాలి. ఎండలో పడేస్తే రక్షణ ఫిల్మ్ జిగురు కాలి పలకకు అంటుకుపోతుంది, తర్వాత గీకలేరు.

కోతకు జిగ్‌సా అయినా సర్క్యులర్ సా అయినా పళ్లు దగ్గరగా, పదునుగా ఉండాలి. ఫిల్మ్ తీయకండి. కోత వెంబడి కింద బల్ల ఆనించండి, పలక ఊగితే అంచు చిట్లుతుంది. మరీ నెమ్మదిగా పోనిస్తే వేడికి ప్లాస్టిక్ కరిగి వెనకాలే అతుక్కుంటుంది. సమంగా ముందుకు తోయండి. గీతకు 2 మి.మీ. బయటగా కోసి, తర్వాత బేరింగ్ బిట్ ఉన్న రూటర్‌తో, అంటే అంచు చెక్కే మిషనుతో, అచ్చు వెంబడి తిప్పితే కొలత కచ్చితంగా వస్తుంది, అంచు కూడా నున్నగా వస్తుంది. తర్వాత 120, 240, 400 నంబరు గరుకు కాగితాలతో రుద్దండి. అంచుకు గ్యాస్ మంట చూపి మెరుపు తేవడం బోర్డుల పనికి చెల్లుతుంది. బోటు పలకకు వద్దు. ఆ మంట అంచులో బిగువు నింపుతుంది.

లేజరు కోతకూ ఇదే బెడద. ఇది చాలామందికి తెలియదు. బోర్డుల షాపులో లేజరుతో కోస్తే అక్రిలిక్ అంచు గాజులా మెరుస్తూ వస్తుంది. ఆ మెరుపు కరిగి గట్టిపడిన పొర. దానికి థిన్నరో, తడి రంగులోని సాల్వెంటో తగిలితే నిమిషాల్లో అంచు నుంచి లోపలికి సన్నటి పగుళ్లు పాకుతాయి. లేజరు తప్ప దారి లేకపోతే ఒక మిల్లీమీటరు పెద్దగా కోయించుకుని ఆ పొరను పూర్తిగా రుద్దేయండి. వీలుంటే సీఎన్‌సీ రూటర్ ఉన్న షాపుకు వెళ్లండి. పాలీకార్బొనేట్‌ను లేజరుతో కోయనే వద్దు, కాలి గోధుమరంగుకు మారుతుంది.

బొక్కల దగ్గర ఆగుదాం, ఎక్కువ పలకలు పోయేది ఇక్కడే. ఇనుముకు వాడే మామూలు డ్రిల్లు బిట్ ప్లాస్టిక్‌ను కొరికి లోపలికి లాక్కుంటుంది. అవతలి వైపు బయటికొచ్చే క్షణంలో పలక చిట్లుతుంది. బిట్ కోత అంచును సానరాయి మీద కాస్త మొద్దు చేయండి, కొరకకుండా గీకేలా. లేదా మెట్ల బిట్ వాడండి, అది ఇంకా మంచిది. కింద చెక్క పెట్టి క్లాంపుతో పట్టించండి. 5 మి.మీ. స్క్రూకు 8 మి.మీ. బొక్క వేయండి. పొడవైన పలకయితే ఒక్కో పొడుగు వైపున మధ్య బొక్కను మాత్రం దగ్గరి సైజులో ఉంచి, మిగతావి పెద్దవిగా వేయండి. అప్పుడు సాగడం రెండు చివర్లకూ సమంగా పంచుకుంటుంది. బొక్క మధ్య నుంచి పలక అంచుకు దూరం బొక్క వ్యాసానికి రెండింతలైనా ఉండాలి. స్క్రూకు స్క్రూకు మధ్య 100 నుంచి 150 మి.మీ. దూరం చాలు. దిగుడు తల స్క్రూ, అదే కౌంటర్‌సంక్, ఎప్పుడూ వద్దు. ఆ తల ఏటవాలు బొక్కలోకి మేకులా దిగి పలకను చీలుస్తుంది. బల్లపరుపు తల, దాని కింద పెద్ద వాషరు, వాషరు కింద ఈపీడీఎం రబ్బరు. పీవీసీ వాషరు వద్దు. పీవీసీని మెత్తబరచే నూనె మెల్లగా అక్రిలిక్‌లోకీ పాలీకార్బొనేట్‌లోకీ దిగి పగుళ్లు తెస్తుంది. పీవీసీ బీడింగుకూ ఇదే మాట. స్క్రూలు 316 రకం స్టెయిన్‌లెస్. బిగించేటప్పుడు రబ్బరు కొంచెం నలిగేదాకా తిప్పి, పావు చుట్టు వెనక్కి వదలండి. వదలడానికి మేస్త్రీలకు మనసొప్పదు, నాకు తెలుసు. ఆ పావు చుట్టే పలకకు ఊపిరి.

బిగించేముందు కంత సంగతి చూడండి. పాత సీలెంటు మొత్తం చాకుతో, గీకుడు పలకతో తీయాలి. చెక్క చట్రంలో స్క్రూ డ్రైవర్ మొనతో పొడిచి చూడండి. మెత్తగా దిగితే ఆ చెక్క మార్చాల్సిందే. ఫైబర్ గోడ మధ్యలో ప్లైవుడ్ ఉంటే, అంచు చుట్టూ 10, 15 మి.మీ. లోతు ప్లైవుడ్ తోడేసి, చిక్కటి ఎపాక్సీ నింపండి. లేకపోతే ఎంత సీలు చేసినా నీరు ప్లైవుడ్‌లో చేరి ఏడాదికి గోడ ఉబ్బుతుంది. ఇనుప వీల్‌హౌస్ అయితే తుప్పు గీకి ప్రైమర్, రంగు వేసి పూర్తిగా ఆరనివ్వండి. పైకి ఆరినట్టున్న రంగు లోపల ఇంకా సాల్వెంటు వదులుతూ ఉంటుంది. వారం ఆగండి. రంగు పని ముందు, కిటికీ తర్వాత. తిరగేస్తే రెండు నష్టాలు. సిలికాన్ అంటిన చోట రంగు పట్టదు, తడి రంగు ఆవిరికి పలక చెడుతుంది.

సీలెంటు విషయంలో షాపువాడి మాట మీద ఆధారపడొద్దు. ట్యూబు కొద్దిగా నొక్కి వాసన చూడండి. వెనిగర్ వాసన ఘాటుగా వస్తే అది అసిటాక్సీ సిలికాన్. అది బాత్రూములకు. బోటు మీద లోహాన్ని తినేస్తుంది, పాలీకార్బొనేట్‌కు కూడా మంచిది కాదు. మనకు కావలసింది న్యూట్రల్ క్యూర్ సిలికాన్, అంటే ఆరేటప్పుడు ఆమ్లం వదలనిది, అదీ భవనాల అద్దాలు బిగించడానికి వాడే రకం. డౌసిల్ 795 లాంటివి ప్రపంచమంతా బోటు కిటికీలకు వాడుతున్నారు. పాలీసల్ఫైడ్ చెక్క అడుగుకు మంచి సరుకే గానీ ఈ రెండు ప్లాస్టిక్‌లనూ పాడు చేస్తుంది. పాలీయురేథేన్ గట్టిగా పట్టుకుంటుంది. కానీ తేట పలక గుండా ఎండ దాని మీద పడితే అతుకు వదిలేస్తుంది. అంచు వెంబడి నల్ల పట్టీ, దానికి తగ్గ ప్రైమరు లేకుండా వాడకండి. స్క్రూలతో పట్టించే పలకకు బ్యూటైల్ టేపు, అంటే జిగురు రబ్బరు పట్టీ, చాలా మంచి దారి. అది ఎప్పటికీ గట్టిపడదు, పలకతోపాటు కదులుతుంది. స్క్రూలు ఒక్కరోజే బిగించేయకుండా రెండు మూడు రోజులు కొంచెం కొంచెంగా బిగిస్తే టేపు సమంగా పరుచుకుంటుంది.

అతికించే పద్ధతిలో సీలెంటు మందమే ప్రాణం. పలకను గోడకు నొక్కేస్తే మధ్యలో కాగితమంత పొర మిగులుతుంది. పలక 2 మి.మీ. జరిగిన మొదటి రోజే అది తెగుతుంది. 3 మి.మీ. మందం ఉంటే అదే కదలికకు సిలికాన్ ఏటవాలుగా 20 శాతం సాగితే చాలు. మంచి సిలికాన్ 50 శాతం దాకా తట్టుకుంటుంది. ఆ మందం నిలవడానికి అదే సిలికాన్‌ను ముందురోజు రెండు ప్లాస్టిక్ కాగితాల మధ్య 3 మి.మీ. పొరగా ఆరబెట్టి, చిన్న చిన్న చదరపు ముక్కలు కోసి, గోడ మీద అడుగుకొకటి చొప్పున పెట్టండి. ఏ గట్టి దిమ్మకన్నా ఇవే మేలు. అదే సరుకు కాబట్టి తరువాత ఎక్కడా గట్టి మచ్చ మిగలదు.

సరుకు ఎంత కావాలో లెక్క వేద్దాం. 900కి 450 కిటికీ చుట్టుకొలత 2.7 మీటర్లు. 25 మి.మీ. వెడల్పు, 3 మి.మీ. మందం అంటే మీటరుకు 75 మి.లీ., మొత్తం 200 మి.లీ. అంచు బయట 6కి 10 మి.మీ. కాలువ నింపడానికి ఇంకో 160. మొత్తం 360 మి.లీ. ట్యూబు 300 మి.లీ. ఉంటుంది కాబట్టి కిటికీకి రెండు ట్యూబులు. ఒక ట్యూబుతో సరిపెట్టాలని చూస్తే మూలల్లో తగ్గుతుంది, కారేది కూడా మూలల్లోనే.

అతికించే అంచు వరకే ఫిల్మ్ ఒలిచి, ఆ పట్టీని 220 నంబరు కాగితంతో మసకబారేలా రుద్దండి. సబ్బు నీళ్లతో కడిగి, ఆరాక శుభ్రమైన గుడ్డకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది ఒక్కసారి తుడిచి, వెంటనే పొడి గుడ్డతో తుడవండి. అసిటోన్, థిన్నర్, పెట్రోలు దగ్గరికి కూడా రానివ్వకండి. సిలికాన్ వరస మధ్యలో తెగకుండా ఒకే చుట్టుగా పెట్టండి. పలకను కింది అంచు ముందు ఆనించి పైకి మూయండి, గాలి పైకి పోతుంది. టేపులతో, చెక్క ఊతలతో పట్టి ఉంచండి. రోజుకు 2, 3 మి.మీ. లోతు వంతున ఆరుతుంది. 25 మి.మీ. వెడల్పు లోపలిదాకా ఆరడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. కాబట్టి కిటికీలు జూన్ 10న మొదలుపెట్టే పని కాదు. మే నెలాఖరుకు అయిపోవాలి.

పలక చెడితే ఎందుకు చెడిందో పగుళ్లే చెబుతాయి. స్క్రూ చుట్టూ నక్షత్రంలా ఉంటే బొక్క చిన్నది, లేదా బిగింపు ఎక్కువ. అంచు నుంచి లోపలికి దువ్వెన పళ్లలా సమాంతరంగా ఉంటే లేజరు కోత, లేదా మంట పాలిష్. సీలెంటు వెంబడి ఉంటే సరుకు తప్పు. ఎండ తగిలే ముఖమంతా ఉంటే దాని వయసు అయిపోయింది. పసుపెక్కితే పూత లేని పాలీకార్బొనేట్, లేదా తిరగేసి బిగించింది. ఏసీ లాంచీలో మధ్యాహ్నం పలక బయటికి ఉబ్బుతోందంటే కంగారు పడకండి. బయటి ముఖం వేడికి సాగుతుంది, లోపలిది చల్లగా ఉంటుంది, అందుకే అలా వంగుతుంది. అంచుకు పట్టు సరిపడా ఉంటే ఏమీ కాదు.

ఒక ప్రశ్న వచ్చింది: మసకబారిన పాత అక్రిలిక్‌ను పాలిష్ చేసి వాడుకోవచ్చా అని. గోటికి తగలని గీతలైతే చక్కగా వాడొచ్చు. 800, 1200, 2000 నంబరు తడి కాగితాలతో వరసగా రుద్ది పాలిష్ పెట్టండి. ప్రతి కాగితంతోనూ ముందు దాని గీతలకు అడ్డంగా రుద్దితే ఏది మిగిలిందో కనిపిస్తుంది. వెంట్రుక పగుళ్లయితే కుదరదు, అవి లోతుగా ఉంటాయి, ఆ పలక బలం పోయింది. పూత ఉన్న పాలీకార్బొనేట్‌ను రుద్దితే పూత పోతుంది కాబట్టి అదీ కుదరదు. గీతలే రాకుండా ఉండాలంటే ముందు మంచినీళ్లు ధారాళంగా పోసి ఉప్పు కరిగిపోయాకే గుడ్డ ముట్టించండి. అద్దాలు తుడిచే నీలం ద్రావకంలో అమ్మోనియా ఉంటే అది ప్లాస్టిక్‌కు వాడకండి.

ఇంకొకరు అడిగారు: కారుతున్న కిటికీకి బయట పైపైన సిలికాన్ పూస్తే చాలదా? చాలదు. పాత సిలికాన్ మీద కొత్తది సరిగ్గా పట్టదు. పైగా నీరు లోపల కనిపించిన చోటికీ బయట దూరిన చోటికీ సంబంధం ఉండదు, చట్రం వెంబడి అడుగు దూరం పాకి బయటపడుతుంది. ముందు ఎక్కడో కనిపెట్టండి. లోపల ఒకరు పొడి టిష్యూ కాగితంతో అంచు వెంబడి తడుముతూ ఉండాలి. బయట ఒకరు గొట్టంతో, ఒత్తిడి లేకుండా, కింది అంచు దగ్గర మొదలుపెట్టి ఐదు నిమిషాలు నీళ్లు పోయాలి. తడి రాకపోతే పక్క అంచులు, ఆ తర్వాతే పై అంచు. ముందే పైన పోస్తే నీరు అంతటా దిగి ఏమీ తెలియదు. చోటు దొరికాక రెండు వైపులా ఒక జానెడు మేర పాత సీలెంటు పూర్తిగా కోసి తీసి, శుభ్రం చేసి, కొత్తది లోపలిదాకా నింపండి. ఆ పని తెల్లవారుజామున చేయండి, పలక ముడుచుకుని సందు పూర్తిగా తెరుచుకుని ఉండేది అప్పుడే.